తొమ్మిదో రౌండు

తెల్లారుజామునే పో, కుళ్లాయీ.
అనంతపురం బస్టాండు కాడ ఉగ్గాని, బజ్జీ తినేసి పో.
లోపల పులిహోర పొట్లం ఇస్తామంటారు,
అది వచ్చేసరికి మూడవుతాది.

సెల్లు ఇంట్లోనే పెట్టు.
బీడీలు, అగ్గిపెట్టె, ఆకూ వక్కా అన్నీ గేటు కాడే పెరుక్కుంటారు.
పెన్నులు మాత్రం రెండు తీసుకో.
ఒకటి నీకు.
ఇంకోటి అవతలి పార్టీవానికి,
వాడు ఎప్పుడూ మర్చిపోయే వస్తాడు.

ఇంజనీరింగు కాలేజీలో పెద్ద హాలు.
పద్నాలుగు బల్లలు, అడ్డంగా ఇనుప జాలి,
ఈపక్క మనం, ఫారం కోళ్ల మాదిరి.
ఎనిమిదికి పోస్టు ఓట్లు మొదలు పెడతారు.
కవర్లు చించే సప్పుడుకే
మనోడొకడు గెలిచినామని లేస్తాడు.
చొక్కా పట్టుకుని కూచోబెట్టు.

తర్వాత డబ్బాలొస్తాయి.
సీలు చూడు. నంబరు చూడు.
నీ కాగితంలో ఉండేదీ దాని నడుముకు కట్టిన చీటీలో ఉండేదీ
ఒకటేనా, వేలు పెట్టి చూడు.
టీచరమ్మ బొటనవేలితో బొత్తాం నొక్కుతాది.
కీచుమంటాది, అంతే.
మూడు తరాలు కొడవళ్లు నూరిన పగ
కోడిపిల్ల కూతంత సప్పుడు చేసి
అంకెలై కూచుంటాది.

మొదటి రౌండులో ముందుంటే నవ్వొద్దు.
నాలుగో రౌండులో ఎనకబడితే మొగం దించొద్దు.
అవి మన ఊర్లు కావు, పెన్న అవతలివి.
బయట మైకులో ఒకటి చెప్తారు, టీవీలో ఇంకోటి చెప్తారు,
పందెం కాసినోడు మూడోది చెప్తాడు.
నువ్వు రాసుకున్నదే నమ్ము.
అదీ రెండుసార్లు కూడినాక.

తొమ్మిదో రౌండులో మన రేగటిపల్లి వస్తాది,
నూట ఇరవై ఒకటో బూతు.
నాలుక పిడచగట్టుకపోతాది, నీళ్లు ముందే తాగిపెట్టుకో.

పోయినసారి ఆ జాలి కాడ నేనుండా.
ఏడొందల నలభై ఓట్లు.
ఊరంతా ఒకటే మాట మీద ఉన్నాం,
పెద్దాయన అరుగు మీద
టెంకాయ ముట్టి ఒట్టేసినాం.
డబ్బా చెప్పింది:
మనకు ఏడొందల ఇరవై.
ఎవరూ వద్దన్నోళ్లు ముగ్గురు.
అవతలివాళ్లకు పదిహేడు.

గెలిచినాం, మెజార్టీ బాగా వచ్చింది.
టపాకాయలు వద్దన్నారు పోలీసోళ్లు, అయినా కాల్చినారు.
నడిరేత్రి పెద్దాయన పిలిపించినాడు.
గెలిచినోడి మొగం కాదది.
"పదిహేడు," అన్నాడు.
"ఎవరెవరో చెప్పు, లాలప్పా. అందరి కొలతలూ తెలిసినోనివి."

నిజమే, దర్జీవాణ్ణి.
ఎవని మెడ ఎంతో, ఎవని భుజం ఏపక్క వాలుతాదో
కండ్లు మూసుకుని చెప్తా.
ఓటుకు టేపు యాడ పెట్టేది?
వేళ్లు మడిచినా. మళ్లా తెరిచినా.
లెక్కబెట్టినట్టు నటించినా.
తెలీదు సామీ, అన్న్యా.

పదహారు మంది సంగతి
నిజంగానే తెలీదు, కుళ్లాయీ.

ఐదేండ్లుగా ఎతుకుతానే ఉండా.
బోరింగు కాడ ఎవరన్నా ఊరికే నవ్వితే, ఈమేనా అనుకుంటా.
పీర్ల పండగనాడు నా పక్కన నిలబడిన ముసలాయన
నా చెయ్యి గట్టిగా పట్టుకున్న్యాడు.
ఆయనేనేమో.
చలికేమో.

రేపు నువ్వు పో.
నేను టీవీ పెట్టను, అంగట్లో మిషను తొక్కుతా ఉంటా.
అంకె అందరికీ తెలిసేదే, కాగితంలో పడేదే,
దాచేది లేదు.
కానీ పెద్దాయన నోట నేను వినకముందే
నువ్వొచ్చి అంగడి ముందర సైకిలాపు.
పదిహేడు మీద ఎంత పెరిగిందో
నోటితో చెప్పొద్దు.
చొక్కా విప్పిచ్చి, అన్ని బొత్తాములు కుట్టమను.

చొక్కాకు ఏడే పడతాయి గానీ,
ఎన్ని చెప్పినా కుడతాలే.