ఎక్కడ కలుస్తుంది?

ఫారంలో మూడో గడి: ఎక్కడ కలుస్తుంది?
ప్రతి మంగళవారం ఒకటే మాట రాస్తాను. హంద్రీ.
ముక్కుకు తువ్వాలు చుట్టుకుని
సీసా మెడకు తాడు కట్టి
మోరీ నోటికి అందిస్తాను.

ఎగువన బండ మీద మాలన్‌బీ
ఉల్లిగడ్డల గోతాలు ఉతుకుతూ నవ్వుతుంది.
"సీసా ఎందుకు బేటా, నన్నడుగు.
నీలంగా వస్తే రంగ్రేజోళ్ళు బాన కుమ్మరించినారు.
పచ్చగా వస్తే యాడనో పెండ్లి, నలుగు నీళ్ళు.
నురగ పొంగితే ఆదివారం.
ఎర్రగా వచ్చిందీ అంటే
పండగో, కాన్పో, నీళ్ళకి ఒకటే."
మందుల కంపు పెద్దాసుపత్రి కాలవది.
ఏ వాసనా రాని రోజు మాత్రం భయమంటుంది.
ఎందుకో చెప్పదు.

ఆ వరదేడు
ఇదే మోరీ ఎదురు తిరిగిందంట.
ఏరు లోపలికి ఎక్కి, సందు సందూ వెతుక్కుంటూ
జాలాడి బండలు లేపుకుని
వంటింట్లో తేలిందంట.
రెండు రాత్రులు మిద్దె మీదే.
నీళ్ళు తీసినాక దిగి చూస్తే
నట్టింట్లో మోకాలి లోతు బురద,
బురదలో ఎవరిదో పళ్ళ సెట్టు.
"మనం పారేసిందంతా తెచ్చిచ్చింది గానీ
ఎవరిది వాళ్ళకియ్యల్య. ఏటికి లెక్క రాదు."
ఆ పళ్ళు కడిగి, కిటికీలో పెట్టి
నెల రోజులు చూసిందంట
ఎవరైనా వచ్చి అడుగుతారని.

"సరే, హంద్రీ యాడ కలుస్తది?"
కనపడ్తానే ఉంది కదా, అదో, తుంగభద్రలో.
"ఆయమ్మ?"
కృష్ణలో. సంగమేశ్వరం కాడ.
"నడమ?"
నడమ ఏముంటాయి, ఊర్లు.

గోతాన్ని బండకేసి ఒక్క దెబ్బ కొట్టింది.
"మా చాందునిచ్చింది ఆ నడమనే."

నా ఫారంలో నడమకు గడి లేదు.
రంగు ఉంది, వాసన ఉంది, వేడి ఎంతో ఉంది,
కింద సంతకానికి జానెడు జాగా ఉంది.
మాలన్‌బీ గోతాలు పిండి
గట్టు మీద ఒక్కొక్కటే పరిచింది.
ఇంక నా వైపు చూడలేదు.

మూత బిగించి, తేదీ రాసి అంటించాను.
ఆటోలో పక్కనాయన నా ఒళ్ళో సీసా చూసి
"కల్లా?" అన్నాడు.
కాదన్నాను. ఏందో చెప్పలేదు.
కొండారెడ్డి బురుజు దాటేసరికి
మడ్డంతా అడుక్కి దిగిపోయింది.
పైన మూడొంతుల నీళ్ళు
తేటగా, గుంతల్లో ఊగుతూ,
దాహమేసేటట్టు.