వగరు

పల్పు ఫ్యాక్టరీకి పుష్యమాసమంటే
మిషన్లు నిద్రపోయే నెల.
బెల్టు మీద కాయ లేదు, టెంక లేదు, ఈగ కూడా లేదు.
బంగారుపాళెం రోడ్డు మీద లారీలు
మా గేటు వైపు చూడకుండానే పోతాయి.

అప్పుడొచ్చాడు ఓనరు మేనల్లుడు హేమాద్రి,
గోనెసంచిలో రెండు సీసాలు చుట్టుకొని.
పలమనేరు పైన గుట్టవాలులో
తాను నాటిన రెండు రకాల నల్లద్రాక్ష.
"బోరులో నీళ్లు ఒకదానికే చాలతాయి నాదమునన్నా,
ఏది ఉంచాలో ఏది పీకాలో
నీ నాలిక చెప్పాల."

ఇరవై రెండేండ్లుగా ఈ నాలిక ఫ్యాక్టరీది.
ఖాదరుకూ బేనీషాకూ కళ్లు మూసుకొని తేడా చెబుతుంది,
డ్రమ్ములో ఒక్క కుళ్లుకాయ పడినా పట్టేస్తుంది.
గొంతు మాత్రం కొండమీది సామిది.
నాయన పోయిన ఏడు మెట్లెక్కి, గుండు కొట్టించుకొని
మందు ముట్టనని ఒట్టేసిన గొంతు.
"మింగను, ఉమ్మేస్తా" అన్నాను.
"వైనుకు అదే పద్ధతంట" అన్నాడు వాడు.
దేవుడికీ పద్ధతికీ ఇంత సులువుగా పొత్తు కుదురుతుందనుకోలేదు.

మొదటిది కేబర్నే.
ముక్కు పెడితే మిరపాకు నలిపిన వాసన,
వెనకాల ఎక్కడో కొత్త టేకు తలుపు.
నోట్లో పోసుకున్నానో లేదో
చిగుళ్లు బిగిశాయి, బుగ్గలు లోపలికి లాక్కున్నాయి,
లేత జామాకు నమిలినట్టు,
అరటిపువ్వు ఒలిచిన వేళ్లు నాక్కున్నట్టు.
తీపి లేకపోలేదు,
అది లోపలి గదిలో ఎక్కడో ఉంది.
వరండాలో వగరు కూర్చొని
ఎవరు నువ్వు, ఎందుకొచ్చావని అడుగుతోంది.
నిట్టాడి గట్టిగా పాతిన ఇల్లిది.
గోడలే ఇంకా పూయలేదు.

ఉమ్మేశాను. పుక్కిలించాను. నాలుగు బొరుగులు నమిలాను.

రెండోది షిరాజ్.
వాసనకే నోరూరింది.
గానుగ దగ్గర, బెల్లం పెనంలో పాకం అంచు మాడే వేళ,
పక్కనే ఎవరో మిరియాలు దంచుతున్నట్టు.
నాలిక మీద చాప పరుచుకొని కూర్చుంది, ఏమీ అడగలేదు.
బాగా పండి చేతిలోనే చిట్లిన అల్లనేరేడు,
నడుమ పొగ, చివర సన్నకారం.
వగరూ ఉంది, సంగటిలో నూకలా, కలిసిపోయి.
మాటకారి. కలుపుగోలు మనిషి.
అయితే, ఉమ్మేశాక పన్నెండు లెక్కపెట్టేలోపల
చెప్పకుండా వెళ్లిపోయింది.

"ఏది పీకమంటావు?"

ప్రతి జూన్‌లో మేం చేసే పనే చెప్పాను:
వాసనకు ఖాదరు, పులుపుకూ బరువుకూ తోతాపురి,
రెండూ ఒకే టిన్నులో.
"నిట్టాడి పీకేసి కప్పు నిలబెట్టగలవా,
కప్పు తీసేసి నిట్టాడి కింద పడుకోగలవా?"
వాడు నేల చూశాడు. వాడి కళ్ల ముందున్నది బోరు.
రుచికయితే నేను జవాబు చెప్పగలను,
నీళ్లకు చెప్పలేను.

రిజిస్టరులో రంగు రాశాను, పులుపు రాశాను, బ్రిక్స్ రాశాను.
వగరుకు గడి లేదు మా రిజిస్టరులో.
అంచున పెన్సిలుతో ఒకటి గీశాను.

ఒక చుక్క లోపలికి జారిపోయింది,
ఏ సీసాదో తెలీదు.
తెలుసు. మొదటిదే.

రాత్రి సంగటి ముందు కూర్చుంటే
కనకవల్లి నా మూతి వైపే చూసింది:
"పెదాలు అట్లా నల్లబడినాయేం, ఏం తింటివి?"
"నేరేడుపండ్లు."
"పుష్యమాసంలోనా?"

నేనేమీ అనలేదు. తనూ ఇంకేమీ అడగలేదు.
ముద్ద నడుమ గుంట చేసి
రోజూ కంటే ఒక గరిటె ఎక్కువే పోసింది నెయ్యి.

ఆ నెయ్యికీ లొంగలేదు.