రెండు గీతల నోటుపుస్తకం

నాలుగుంపావుకి పుళియాంతోపులో మా పంపు
ముందు గాలి మింగుతుంది, తరవాత దగ్గుతుంది,
ఆ పైన ఎప్పటికో నీళ్ళు.
ఆ దగ్గుకీ నీళ్ళకీ మధ్య
నాకు మిగిలేది ఒక అక్షరమంత సమయం.

వీధిదీపం కింద బోర్లించిన బిందె,
బిందె మీద రెండు గీతల నోటుపుస్తకం.
నలభై మూడేళ్ళొచ్చి అ ఆలు దిద్దుతున్నాను.
ఇంట్లో తెలుగే. తిట్లూ తెలుగే, లెక్కలూ తెలుగే.
బడి మాత్రం అరవం.
నా భాష నాకు నోటిదాకానే వచ్చింది,
చేతిదాకా రాలేదు.

మొదటి వారం ఆరు రోజులు రాశాను.
రెండో వారం మూడు.
మూడో వారం పుస్తకం మీద దోశపిండి గిన్నె పెట్టాను.
గుండ్రటి మరక. ఎవరో మేష్టారు
తెల్లారకుండానే వచ్చి సున్నా చుట్టి పోయినట్టు.
నవ్వొచ్చింది. మళ్ళీ మొదలెట్టింది ఆ నవ్వు వల్లే,
పట్టుదల అంటే అబద్ధమవుతుంది.

ఎదురింటి సెల్వి అడిగింది, పరీక్షా అక్కా అని.
పరీక్షే అన్నాను.
దేశమ్మత్త గుడ్డసంచిలో దొరికిన కాగితాల కట్ట సంగతి చెప్పలేదు.
చీటీలు నడిపిన మనిషి.
కాగితం నిండా తేదీలు, తేదీ పక్కన రెండే ముక్కలు.
ఎవరెవరో బాకీలన్నాడు మా ఆయన,
అప్పుడే పైకప్పు రేకుల ధర కనుక్కొచ్చాడు.
ఎవరిచేతైనా చదివించొచ్చు.
అత్త కొంగుముడి ఇంకొకరు విప్పడం
నాకు ఇష్టం లేకపోయింది.

నిద్ర చెడ్డదేం కాదు.
కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలుతుంది,
ఇవాళ నీళ్ళ రోజు కాదుగా అని.
నిజమే, నీళ్ళు రోజు విడిచి రోజు.
నేనూ అంతేనని ఒప్పుకున్నాక కుదిరింది:
నీళ్ళొచ్చిన రోజు అక్షరానిది,
రాని రోజు నిద్రది.
ఇద్దరూ నా చెయ్యి లాగడం మానేశారు.

ఒత్తులు వేసవంతా తినేశాయి.
'క్ష' దగ్గరికొచ్చేసరికి అక్టోబరు వాన,
వీధిలో మోకాలి లోతు నీళ్ళు,
పంపులో చుక్క లేదు.
నియమం ప్రకారం సెలవే.
మెట్ల మీద కూర్చుని రాశాను.

కట్ట విప్పాను.
పొ. డి.
ఇడ్లీపొడా? కారప్పొడా?
లే. దు.
పొడి లేదు.
కింద: పొడి లేదు.
దాని కింద: పొడి మూడుసార్లు.

అప్పుడు తట్టింది. అత్త నడుంలో తగరం డబ్బీ,
కొంగు చివర గోధుమరంగు మరక,
ఒళ్ళో కూర్చుంటే నాకొచ్చే తుమ్ములు.
ముక్కుపొడి!
పదకొండేళ్ళు. ఒక్కరి బాకీ లేదు.
తనతో తాను నడుపుకున్న చీటీ,
ఎన్నిసార్లు ఎగ్గొట్టిందో అన్నిసార్లూ రాసిపెట్టింది.

ఎంత తేలిందే, అన్నాడు మా ఆయన దుప్పట్లోంచి.
ఇంకా చూస్తున్నానన్నాను.

చివరి కాగితం, పోవడానికి నాలుగు రోజుల ముందుది.
చెయ్యి వణికినట్టుంది, తలకట్లు గాల్లో తేలుతున్నాయి.
పొడి ఒకసారి.
దాని కింద, ఏ లెక్కకీ చెందకుండా,
నీళ్ళొచ్చాయి.

పంపు దగ్గింది.
పుస్తకం తడవకుండా జాకెట్లోకి దోపి
బిందె తిరగేశాను.