ఐదు తులాల రెండు గ్రాములు

తిరగాల్సింది రంపం కాదు, గొట్టం.
ఈ ముక్క నేర్చుకునేలోపు
మూడు జానల కార్బన్ పాడైంది.

కోసే చోట టేపు చుట్టి
తడిగుడ్డ కింద పరిచి
బ్లేడును కదలకుండ పట్టి
ఎనిమిది మిల్లీమీటర్ల నల్ల గొట్టాన్ని
మెల్లగ తిప్పుతున్న, రొట్టె ఒత్తినట్టు.
మూతికి రెండు మడతల చున్నీ.
అయినా ఆ నల్లపొడి ముంజేతుల మీద పడి
రాత్రంతా దూలగొండి లెక్క గోకిచ్చింది.

పెద్ద దవాఖానల డాక్టరు
ఎక్స్‌రేను కిటికీకి ఆనిచ్చి
"ఇగ బరువులు మొయ్యద్దు" అన్నడు.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి పెరిగినదాన్ని.
తాగిన నీళ్లు మోకాళ్లల్ల రాయిగ పేరుకున్నయి.
నలభై మూడేండ్లకే
కూసుంటె లేవడానికి గోడ కావాలె.
గుట్టలెక్కుడు బంద్ చెయ్యమని ఆయన అనలేదు,
నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి సంచి బోర్లిచ్చి
ఒక్కొక్కటి తూకమేసిన.
స్టీలు చెంబు పోయింది. రెండో దుప్పటి పోయింది.
పండ్లు తోమే బ్రష్షును సగానికి కోసిన.
ఆఖరికి డేరాను నిలబెట్టే ఇనుప రాడ్లు, రెండు:
కిలోంబావు.
అగో, దొంగ దొరికిండు.

అతుకులకు అల్యూమినం కావాలె.
మా మేడ మీద పదిహేనేండ్లుగా
ఒక్క బొమ్మా పట్టని యాంటెన్నా,
కాకులకు తప్ప ఎవ్వలకూ అక్కర లేనిది.
దించి కోసి తొడిగితే సరిగ్గ సరిపోయింది.
మే నెల నల్లగొండల ఆరల్డైట్ మాట వినదు,
కలిపి చెయ్యెత్తేలోపు గడ్డకడ్తది.
అందుకే పొద్దున నాలుగింటికి, మేడ మెట్ల మీద,
అగ్గిపెట్టె అట్ట, అగ్గిపుల్ల, నేను.

మొదటిది రాచకొండ మీద ఇరిగింది.
నడిరాత్రి గాలి లేచి
ఎండిన జొన్నదంటు లెక్క పటుక్కుమన్నది,
డేరా నా మొఖం మీద పడ్డది.
తెల్లారేదాక ఆ గుడ్డ కిందనే పండి నవ్విన.
కొంచెం ఏడ్చిన గూడ.

సైకిల్ షాపు మోయిన్ ఇరిగిన చోటు చూసి
"సీటు రాడు ఎంత దించుతం అక్కా? జానెడు.
నువ్వెంత దించినవ్? చిటికెనేలు గోరంత!"

పుట్టపాకల గంజి అండాలమ్మ
మగ్గం కింద మిగిలిన పట్టుదారం పిడికెడిచ్చింది,
చిటికి కట్టి రంగులద్దింది,
ఒక దగ్గర ఎరుపు, ఒక దగ్గర తెలుపు.
అతుకును పొడుగు చేసి దాని మీద చుట్టిన.
జిగురు తాగి ఎరుపు నల్లబడ్డది,
తెలుపు కనబడకుండ పోయింది.
"చీరకైతే పైసలొచ్చేటియి" అన్నది ఆమె.

కట్టోజు వీరాచారి, గడియారం సెంటర్ సందుల,
తక్కెడ అద్దాల తలుపు తీసి
మూడు మడతల కర్రను అడ్డంగ పెట్టిండు.
ఊపిరి బిగబట్టిండు, నన్నూ బట్టమన్నడు.
ఐదు తులాల రెండు గ్రాములు.
"తరుగెంత పోయింది?"
మూడు జానలు, అన్న.

మొన్న మళ్ల పోయిన, అదే గుట్ట.
అంత బండే, మేకు దిగదు.
తాళ్లను రాళ్లకు కట్టి పండుకున్న.
అదే గాలి.
టార్చి పట్టుకొని కర్ర దిక్కే చూసిన:
వంగింది. ఇంక వంగింది.
నాకు చాతగాని పని అది,
చెప్పులేసుకోవడానికి గూడ నడుము వంగదు నాది.
గాలి తగ్గినంక
ఏమీ ఎరగనట్టు మళ్ల నిటారుగ నిలబడ్డది.

పొద్దున ఊడదీసి
లోపలి ఎలాస్టిక్ బాగున్నదా అని ఒకసారి విదిలిచ్చిన.
టక్, టక్.
ముక్కలు వాటంతట అవే వరుసకొచ్చినయి.
నేను లేవబోతే మోకాళ్లు గూడ
టక్, టక్.
అవి వరుసకు రాలేదు.

గుట్ట మీద గోడ యాడుంటది.
కర్ర దిక్కు చూసిన:
అరవై రెండు కిలోలను లేపేది కాదది, నాకు ఎరుకే.
పక్కన రాయి ఉన్నది.
రాయినే పట్టుకొని లేసిన.