నాలుగు ఫొటోలు

మూడేళ్ల కాపురానికి మాకున్నవి నాలుగే ఫొటోలు,
అన్నీ రిజిస్ట్రారాఫీసు మెట్ల మీదవే.
ఒకదాంట్లో సలోమి కళ్లు మూసుకుంది,
ఒకదాంట్లో సగం, ఫొటో తీసినాయన బొటనవేలు.

"చాలవండీ," అంది బ్రాడీపేట కన్సల్టెన్సీ అమ్మాయి,
"కాపురం కనపడాలి."

లాం ఫారంలో మట్టి చదివిన మనిషికి
అడిలైడ్ వాళ్లు సీటిచ్చారు, స్టైపెండిచ్చారు.
నాకో గడి ఇచ్చారు: డిపెండెంట్ పేరు.
నాగమల్లేశ్వరరావు అందులో పట్టలేదు.
చివరి 'రావు' బయటే ఉండిపోయింది.
"మంచి శకునమే," అని నవ్వింది సలోమి.

ఆదివారం మూడు చొక్కాలు, రెండు చీరలు సంచిలో కుక్కి
బెజవాడ బ్యారేజీ మీదికి పోయాం.
గేట్ల దగ్గర ఒక ఏడాది,
సీతానగరం ఘాట్లో ఇంకో ఏడాది,
సోడాబండి చాటున చొక్కా మార్చుకుని మూడోది.
"దగ్గరగా నిలబడండి, మొగుడూ పెళ్లాల్లాగా"
అన్నాడు నా ఫోను పట్టుకున్న పొత్తుల కుర్రాడు.

నిలబడ్డాం.
మిర్చియార్డులో కాటా వేసే వాణ్ణి,
ఎన్ని చొక్కాలు మార్చినా
మెడ దగ్గర ఆ కోరు పోదు.
తల ఆనించిందో లేదో తుమ్మింది.
మొదటి రాత్రి నుంచీ ఇంతే,
మూడు తుమ్ములు, ఆ తర్వాతే మాట.

ఆ ఫొటో చెదిరింది. ఫైల్లో వద్దంది కన్సల్టెన్సీ అమ్మాయి.
సరేనన్నాను.

అక్కడ కాటా ఉండదు, కోరూ ఉండదు.
ఉతికిన చొక్కాలో నన్ను
దేంతో గుర్తుపడుతుందో
సలోమిని అడగాలి, ఇంకా అడగలేదు.