ఒకటి అంకె దగ్గర

తోలు పెట్టె మూత నొక్కితే
ముందుకు దూకింది, కొలిమితిత్తి మాదిరి మడతలు మడతలుగా.
"ఇది గడియారం కాదు కదా ఈరమ్మా" అన్నాను.
"లోపల చక్రాలుండాయంట కదా మౌలాలన్నా" అనింది.

చక్రాలున్న మాట నిజమే.
ఆదోని బజారులో చక్రాలు తెలిసినోణ్ణి
ఇంక నేనొక్కణ్ణే మిగిలినాను.
తక్కిన అంగళ్ళన్నీ సెల్లు మార్చి పంపేవే.
నేనూ పొద్దంతా చేసేది అదే, అబద్ధమెందుకు.

సుంకన్న స్టూడియో ఎత్తేసినప్పుడు
పాత ఇనుము కొట్లో తూకానికి పోసిన సామానులోంచి
దీన్ని ఏరి తెచ్చుకుంది.
దీంతోనే తీసినాడంట ఆ ఫోటో.
కొంగు ముడిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

పత్తి గోడౌను. కుర్చీలో సావుకారు,
మీసం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.
పక్కన గుమాస్తా, చంకలో ఖాతా పుస్తకం.
తక్కెడ గొలుసు.
వెనకాల, బోరాలు మోసే ఆడోళ్ళు ఉండాల్సిన తావున
తెల్లటి మరకలు నాలుగు.
"మూడోది మాయమ్మ. తిక్కమ్మ.
నిలబడమంటే ఎవురు నిలబడతారన్నా,
బోరాకింత అని కూలి."

జామెట్రీ పెట్టెలోని డివైడరు మొనలు అరగదీసి
అద్దం బిగించిన రింగుకు ఆనించినాను.
మూడు రోజులు కదల్లేదు.
నాలుగో రోజు మధ్యాహ్నం
దానంతట అదే వదులైంది, అలిగిన మనిషి మాట్లాడినట్టు.

వంద, యాభై, ఇరవై అయిదు: బాగానే ఉంది.
అంకె తగ్గేకొద్దీ దానికి ఆయాసం.
ఒకటి దగ్గర పెట్టి మీట నొక్కితే
రేకులు తెరుచుకుంటాయి,
మూసుకోవడం మరిచిపోతాయి.
గోడ గడియారం నాలుగు సెకన్లు నడిచినాక
ఏదో గుర్తొచ్చినట్టు దగ్గరికొస్తాయి.

లోపల చూస్తే నాకు ఒళ్ళు మండింది.
ఎవడో మహానుభావుడు బుడ్డలనూనె పోసినాడు!
కుట్టుమిషనుకు పోసినట్టు, చేయి జారకుండా, నిండుగా.
నూనె పెట్టకూడని తావు కూడా ఒకటుంటుందని
వీళ్ళకు ఎవరు చెప్పాలి.
అది ఎండి, బెల్లం పాకమై,
నిదానం నేర్పే పళ్ళచక్రాన్ని కరుచుకునింది.
దాని పక్కన ఊగే కొక్కెం నాకు పాత చుట్టమే,
చేతిగడియారంలో టిక్కుమనేది దాని తమ్ముడు.

పెట్రోలు, కుంచె, మళ్ళీ పెట్రోలు.
అయిదు రేకులు, ఎర్రగడ్డ పొరంత పల్చన.
ఫ్యాను ఆపి, ఊపిరి ఆపి, కాగితం మీద పరిచినాను.
కొక్కెం సందులో ఇంకా ఏదో అడ్డం.
వెంట్రుక అనుకున్నాను.
చిమటాతో లాగి భూతద్దం కిందికి తెస్తే
పత్తి.
ఒక్క పోగు, నూనెలో నాని పసుపుపచ్చగా.

గోడౌనులో గాలంతా అదే కదా ఎగిరేది.
ఏ బోరా పగిలి లేచిందో, ఏ వీపు మీదినుంచి రాలిందో,
తోలు మడతల సందున దూరి
ఆమె వేసే ఒక్క అడుగు నాలుగు అడుగులయ్యేదాకా
తలుపు పట్టుకుని కూర్చునింది.

సావుకారుకు నష్టమేం లేదు.
కూర్చున్నోడికి ఒకటైనా నాలుగైనా ఒకటే.

శుక్రవారం నమాజు అయినాక ఈరమ్మ వచ్చింది.
ఒకటి దగ్గర పెట్టి నొక్కినాను.
జుర్ర్... టక్.
గోడ గడియారం ముల్లుతో సరిగ్గా ఒక్క అడుగు.
నా ఎడమ చెవికి ఆ జుర్రు వినపడదు ఈ మధ్య,
వేళ్ళకు తెలుస్తుంది.
"ఇంకోసారి" అనింది. ఇంకోసారి.

రీలు లేదు. బెంగళూరులో దొరుకుతుందేమో, ఆరేడొందలంట.
ఒట్టి పెట్టెనే ఆమె వైపు తిప్పినాను.
వెంటనే బిగుసుకుపోయింది,
చేతులు తొడలకానించి, కళ్ళార్పకుండా.

అంకె వందకు తిప్పి అన్నాను,
"కదులు ఈరమ్మా. ఏం గాదు. కదులు."

కొంచెం సేపు నమ్మలేదు.
తర్వాత నెత్తి మీదికి రెండు చేతులూ ఎత్తింది,
లేని బోరాను సర్దుకుంటున్నట్టు.

నొక్కినాను.

ఎంతియ్యాలన్నా అంటే యాభై అన్నాను,
నలభై ఇచ్చి పోయింది.
పోగు అగ్గిపెట్టెలో ఉంది.
ఆమెకు చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.