ఎడమ చెంప

త్బిలిసీ పాతబస్తీలో, గంధకపు నీళ్ళ స్నానశాలలో
నలభై ఏళ్ళుగా ఒళ్ళు రుద్దే పని నాది.
ముఖాలు గుర్తుండవు.
ఆవిరిలో అందరి ముఖాలూ ఒకటే.
వీపులు మాత్రం మరిచిపోను.

మంగళవారం పొద్దున్నే సియాలా వస్తుంది.
డెబ్బై ఆరేళ్ళు. ట్రాలీబస్సు నడిపిన మనిషి.
రాతిబల్ల మీద పడుకునే ముందు
ఎప్పటిలాగే కుడిచెంప చూపిస్తుంది:
"ఇది మా చెల్లెలు, నజిబ్రోలా."
ఎడమచెంప తిప్పి, "ఇది నేను."

నిజమే.
కుడిది ఇంకా కాస్త బిగువుగా ఉంది.
ఎడమది గుప్పిట్లో నలిపి విప్పిన టికెట్టు.
ముప్పై ఏళ్ళు డ్రైవరు కిటికీ పక్కన
ఎండ కూడా కూర్చుంది,
ఒక్కరోజూ టికెట్టు కొనకుండా.

నవ్వి తెచ్చుకున్నవి కొన్ని,
సిగరెట్టు పీల్చి పెదాల చుట్టూ కొన్ని,
ఏం చేసినా చేయకపోయినా వచ్చేవి మిగతావి.
ముడతల్లో కథలుంటాయంటారు చదువుకున్నవాళ్ళు.
ఇన్నేళ్ళు కడిగాను, నాకు దొరకలేదు.
ముడతల్లో ఉన్నది ముడతలే,
అప్పుడప్పుడూ కాస్త సబ్బు.

కొత్తలో నాకు గరుకు తొడుగంటే గర్వం.
మట్టి పేలికలు పేలికలుగా రాలితేనే
పని చేసినట్టు.
ఒక చలికాలం దారెజాన్ అనే ముసలావిడ మోచేతి కింద
అదే చేత్తో, అదే ఊపుతో లాగాను.
తడిసిన కాగితంలా చిరిగింది.
ఆమె అరవలేదు.
యజమానురాలితో "తలుపు గీసుకుంది" అని చెప్పి
నా కూడు నిలబెట్టింది.
మర్నాడు ఆ చెయ్యంతా ముగ్గిన రేగుపండు రంగు.

అప్పటినుంచి నా మేకుకి రెండు తొడుగులు.
రెండోది మా ఆయన పాత బనీను కత్తిరించి కుట్టింది.
వయసు మళ్ళిన ఒంటికి అదే,
అదీ తోమడానికి కాదు, తడమడానికి.

యాభై దాటాక చర్మం తన నూనె తాను తీయడం తగ్గిస్తుంది.
గిల్లి వదిలితే
వెంటనే సర్దుకోదు,
పిలిస్తే ఆగి ఆగి పలికే పెద్దావిడలా.
కోపం కాదది, తొందర లేకపోవడం.
అందుకని వేడినీళ్ళలో చన్నీళ్ళు కలుపుతాను.
పది నిమిషాలు చాలంటాను.
తువ్వాలుతో అద్దుతాను, రుద్దను.
ఒళ్ళు ఇంకా తడిగా ఉండగానే
మందులషాపు తెల్ల లేపనం, వాసన లేనిది, పులుముతాను.
బయటికి వెళ్ళేటప్పుడు టోపీ గుర్తు చేస్తాను.
సియాలా రోజూ మరిచిపోతుంది. కావాలనే.

మొన్న ఆమె మనవరాలు నీనుత్సా
చిన్న సీసా తెచ్చింది, నా నెల అద్దెలో సగం ఖరీదు.
"పదేళ్ళు వెనక్కి తీసుకెళ్తుందిట బామ్మా!"
సియాలా సీసాని దీపానికేసి ఎత్తి చూసింది.
"పదేళ్ళయితే సరే.
చెయ్యి జారి ఇంకో ఇరవై వెనక్కి పోతే
మళ్ళీ కరెంటు లేని చలికాలాలు,
కిరోసిన్ క్యూలు. నాకొద్దు తల్లీ."

ఆ రోజే చూశాను.
ఎడమ భుజం ఎముక కింద, అద్దంలో ఆమెకి అందని చోట,
మసూరు పప్పంత మచ్చ.
పోయిన నెల లేదు.
అంచు చెదిరి ఉంది, ఒక పక్క నలుపు, ఒక పక్క ఇటుక రంగు.
నా చెయ్యి ఆగింది.
"ఏమిటి, బ్రేకు వేశావ్?" అంది.
"డాక్టరు దగ్గరికి," అన్నాను, "ఈ వారమే."
వీపులు మరిచిపోనని చెప్పాను కదా.

మూడు మంగళవారాలు రాతిబల్ల ఖాళీ.
బనీను తొడుగు ఆరిపోయి అట్టలా బిగుసుకుంది.

నాలుగో వారం వచ్చింది, టోపీ పెట్టుకుని.
వీపు తిప్పి చూపింది: నాలుగు కుట్ల గీత.
"లోపలికి దిగకముందే తీసేశారట.
ఒంటిమీద గీతలన్నిట్లో
ఇదొక్కటి ఎవరి పనో తెలుసు నాకు," అంది.

ఏం చెప్పాలో తోచక
కుట్టు తగలకుండా చుట్టూ తడిమాను.
కాసేపటికి అరిచింది:
"నీళ్ళు చల్లగా తగలడ్డాయి, నజిబ్రోలా!
నన్ను కడుగుతున్నావా,
చేపలు నిలవచేస్తున్నావా?"